ఏడో వరస, నాలుగో చుక్క

ఆ వేసవిలో మా నాన్న ఊపిరితిత్తి మూడుసార్లు నా చేతికొచ్చింది. మొదటిసారి రావడంలో నా తప్పేమీ లేదు. రెండోసారి నోరు విప్పి చెప్పాల్సింది, చెప్పలేదు. మూడోసారి ఎవరూ అడక్కుండా నేనే వెళ్ళి చూశాను.

నేను ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. పైన ఆపరేషన్ గదుల్లో కోసి తీసినవి డబ్బాల్లో మా దగ్గరికి దిగుతాయి. మేం వాటిని ముక్కలు చేసి, మైనంలో దిమ్మ కట్టి, ఆ దిమ్మను ఉల్లిపొర కన్నా పలచగా కోస్తాం. ఆ పొరను గోరువెచ్చటి నీళ్ళ తొట్టిలో తేల్చి, గాజు స్లైడు మీదికి ఎక్కించి, రంగు వేసి డాక్టర్లకు పంపుతాం. డబ్బా మీద పెద్ద అంకెల్లో నంబరు ఉంటుంది, దాని కింద చిన్న అక్షరాల్లో పేరు. అప్పటికి వేరే ఊరి ల్యాబూ ఇదీ కలిపి నాది ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆ చిన్న అక్షరాలు చదవడం ఎప్పుడో మానేశాను. ఏప్రిల్ ఆఖరి మంగళవారం నాడు మాత్రం చదివాను. హర్షెల్ టాకెట్, డెబ్బై ఒకటి.

ముందు రోజు నాన్నకు ఆపరేషన్ అయింది, రోజంతా నాలుగో అంతస్తులో కుర్చీకి అతుక్కుపోయి ఉన్నాను. తెల్లారాక నాన్న కళ్ళు తెరిచి, నన్ను చూసి, "నీకు పనీపాటా లేదా?" అన్నాడు. ఆ మాట విన్నాక ప్రాణం కుదుటపడి పనిలోకి దిగాను. ఆ డబ్బాను పక్క బల్ల మీదికి జరిపెయ్యొచ్చు. జరపలేదు. మా నాన్నది నాకంటే జాగ్రత్తగా ఎవరు కోస్తారని నా ధీమా. నిజంగానే అంత బాగా ఇంకెప్పుడూ కోయలేదు. ఒక్క ముడత లేదు.

మాది కెంటకీలో పొగాకు పండే ఊరు. ఊళ్ళో సగం మంది పొగాకు పండించి బతికారు, వాళ్ళలో సగం మంది పొగాకు తాగి పోయారు. నాన్న పద్నాలుగో ఏట మొదలుపెట్టినవాడు, ఊపిరితిత్తిలో గడ్డ ఉందని డాక్టరు చెప్పిన రోజు సిగరెట్ పెట్టె ట్రక్కు కిటికీలోంచి విసిరేసి, వంద గజాలు పోయాక ట్రక్కు ఆపి, వెనక్కి నడిచి వెళ్ళి ఆ పెట్టె ఏరుకొచ్చి చెత్తబుట్టలో పడేశాడు. రోడ్డు పాడుచేయడం ఆయనకు నచ్చదు. అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. నేను పెళ్ళి పెటాకులై అంతకుముందు శీతాకాలంలోనే తిరిగి ఆ ఇంటికి చేరాను. అన్నయ్య డ్వైట్ స్కూలు బస్సు నడుపుతాడు, మా ఇంటికి అర మైలు దూరంలో ఉంటాడు.

నాన్న మే నెల రెండో వారంలో ఇంటికొచ్చాడు. కుడి ఊపిరితిత్తిలో అడుగుభాగం తీసేశారు. వచ్చిన నాలుగో రోజున బక్కెట్ బోర్లించుకుని పొలం గట్టున కూర్చుని, నాట్లు వేస్తున్న డ్వైట్ మీద కేకలు మొదలుపెట్టాడు.

"వరస చూడరా! నీ బస్సు కూడా ఇలాగే నడుపుతావా ఏంటి?"

"ఊపిరి సరిగా ఆడటంలేదన్నావుగా? అరవడానికి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"అరవడానికి రెండోది ఉంది."

భోజనం ముందు ప్రార్థన నాన్న వంతు. ఆయన ప్రార్థన చిన్నదేం కాదు. తిండికి కృతజ్ఞత చెప్పి, వాన సంగతి గుర్తుచేసి, ఊళ్ళో మంచం పట్టినవాళ్ళను పేరుపేరునా తలుచుకుని, ఆఖరున "అందర్నీ చల్లగా చూడు, ఆమెన్" అనేవాడు. ఈలోగా మొక్కజొన్న రొట్టె చల్లారిపోయేది. చిన్నప్పుడు నేనూ డ్వైట్ బల్ల కింద కాళ్ళతో తన్నుకునేవాళ్ళం. ఆ వేసవిలో ఆయన తనకోసం ఏమీ అడగడం నేను వినలేదు.

జూన్ మొదట్లో డాక్టర్ ప్రువిట్ ల్యాబులో పనిచేసే మా ముగ్గుర్నీ తన గదికి పిలిచింది. ఆమె స్లైడులు చూసి రోగం పేరు చెప్పే డాక్టరు. మనిషి పొట్టి, మాట సూటి. ఊపిరితిత్తి ఆపరేషన్ అయినవాళ్ళ దిమ్మల్లోంచి సూదిమొనంత ముక్కలు తీసి, అన్నిటినీ ఒకే దిమ్మలో వరసలుగా నాటాలంది. పదిహేను వరసలు, వరసకు పన్నెండు. నూట ఎనభై మంది ఒకే స్లైడు మీద చుక్కలుగా కనిపిస్తారు. ఒక ప్రోటీన్ ఉంది. రంగు వేస్తే అది ఉన్న చుక్క గోధుమరంగుకు తిరుగుతుంది, లేనిది లేతనీలంగా ఉండిపోతుంది. గోధుమరంగు వాళ్ళు ఆపరేషన్ అయినా తొందరగా పోతున్నారని ఆమె అనుమానం. అది నిజమో కాదో తేల్చాలి.

"మీవాళ్ళెవరన్నా ఇందులో ఉంటే ఇప్పుడే చెప్పండి. తప్పేం కాదు, ఆ పని ఇంకొకరికిస్తాను" అందామె. "ఇంకో మాట. ఇది గుంపు సంగతి చెబుతుంది గానీ ఒక మనిషి సంగతి చెప్పదు. ఏ రోగికీ ఈ ఫలితం చేరదు. చేరకూడదు."

మిగతా ఇద్దరూ తలలు అడ్డంగా ఊపారు. నేను నా బూట్లు చూసుకున్నాను. మిగిలిన ముక్క పరిశోధనకు వాడుకోండని నాన్న సంతకం చేసినప్పుడు పెన్ను అందించింది నేనే. చెబితే ఆ పని నా చేతుల్లోంచి పోతుంది. నాన్నను ఇంకెవరి చేతుల్లోనో పెట్టడం నాకిష్టం లేకపోయింది. అప్పుడు దాన్ని ప్రేమ అనుకున్నాను.

వారం రోజులు ఆ చుక్కలు నాటాను. ఎవరు ఎక్కడున్నారో మ్యాపు టైపు చేసిందీ నేనే. దిమ్మ ఏ వైపు పైకి ఉండాలో తెలియడానికి, ఎడమ వైపు పై మూలలో, వరసలకు అవతల, కాలేయం చుక్క ఒకటి నాటతాం. ఊపిరితిత్తుల మధ్య కాలేయం కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అది ఎడమ మూల ఉంటే స్లైడు సరిగ్గా ఉన్నట్టు. మా నాన్న ఏడో వరసలో ఎడమ నుంచి నాలుగోవాడు.

జూన్ చివరి వారంలో నాన్నను క్యాన్సర్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆపరేషన్ బాగా అయిందన్నాడు. అయినా కంటికి కనపడనిది ఎక్కడైనా మిగిలి ఉంటుందేమోనని నాలుగు విడతలు మందు ఎక్కించుకుంటే మంచిదన్నాడు. బలవంతం లేదు. మొదలుపెట్టాలంటే మాత్రం జులై ఇరవై లోపల పెట్టాలి, ఆ తర్వాత పెద్దగా ఉపయోగం ఉండదు. తిరిగొచ్చేటప్పుడు ట్రక్కులో నాన్న వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"నూరు మందికి ఎక్కిస్తే అయిదుగురు ఎక్కువ బతుకుతారన్నాడు కదూ?"

"అవును నాన్నా."

"మిగతా తొంభై అయిదు మందీ ఏం చేస్తారు?"

"వాంతులు చేసుకుంటారు."

ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి కిటికీలోంచి పక్కవాళ్ళ పొలాలు చూశాడు. "మన ఆకు వాళ్ళ దానికంటే బాగుంది" అన్నాడు. భయపడ్డాడని నాకు అర్థమైంది. మా నాన్న భయపడినప్పుడు పంట గురించి మాట్లాడతాడు.

ఆ గురువారమే నేను ఆ పెద్ద దిమ్మను కోశాను. పొరకు ఒకవైపు మెరుపు ఉంటుంది, ఆ వైపు నీళ్ళకు తగిలేలా తేల్చాలి. పనిలో చేరిన మొదటి వారంలో నేర్పే సంగతి అది. రాత్రంతా నాన్న దగ్గు వింటూ పడుకున్నదాన్ని, పొర తొట్టిలోకి జారుతుంటే ఎటు మెరుస్తోందో చూశానో లేదో నాకు ఈరోజుకీ గుర్తులేదు. మర్నాటికి రంగు పడింది. డాక్టర్ ప్రువిట్ రెండు వారాల సెలవులో ఉంది, ఆమె వచ్చేదాకా స్లైడులు ట్రేలో పెట్టి ఉంచాలి. అందరూ మధ్యాహ్నం భోజనానికి వెళ్ళారు. నేను ఆకలి లేదన్నాను.

ఎవరైనా ముందు కాలేయం కోసం వెతకాలి. నేను మా నాన్న కోసం వెతికాను. మైక్రోస్కోపు కింద పెట్టి, పై నుంచి ఏడు వరసలు దిగి, ఎడమ నుంచి మూడు దాటి నాలుగో చుక్క దగ్గర ఆగాను. ముదురు గోధుమరంగు. తెల్ల చొక్కా మీద కాఫీ ఒలికినట్టు, ఆ చివర నుంచి ఈ చివర దాకా. పక్క చుక్క చూశాను, నీలం. దాని పక్కది కూడా నీలమే. మళ్ళీ వెనక్కి వచ్చి చూశాను. స్లైడు తీసి ట్రేలో పెట్టి, చేతులు కడుక్కుని, ఆడవాళ్ళ బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక వసారాలో కూర్చుని బీన్స్ తుంచుతున్నాం. నాన్న చివర్లు తుంచి పీచు తీసి నా గిన్నెలో వేస్తున్నాడు.

"బుధవారం లోపల ఫోన్ చేసి చెప్పమన్నాడు డాక్టరు, ఎక్కించుకునేదీ మానేదీ" అన్నాడు.

"ఊ."

"డ్వైట్ ఎక్కించుకోమంటున్నాడు. వాడు బస్సు టైరు మార్చాలన్నా పెద్దగా ఆలోచించడు. నువ్వు పొద్దస్తమానం అవే చూస్తావు కదా. నువ్వేమంటావో చెప్పు, అలాగే చేస్తా."

నేను గిన్నెలోకి చూశాను. గోధుమరంగు పడిన మనిషికి రెండేళ్ళు మించవు అనుకున్నాను. ఆ రెండేళ్ళలో మూడు నెలలు బక్కెట్ పక్కన పెట్టుకుని కక్కడం ఎందుకు? ఇదే నేను చాలా ఏళ్ళు నాకు చెప్పుకున్న కారణం. ఇంకోటి కూడా ఉంది. ఇరవై ఏళ్ళు వేరే ఊళ్ళో కాపురం చేసి, ఏడాదికి రెండుసార్లు చుట్టపుచూపుగా వచ్చి పోయినదాన్ని. ఆయనతో ఒక మంచి వేసవి నాకు కావాలి. ఎదురుగా కూర్చుని బీన్స్ తుంచే నాన్న కావాలి నాకు, వాంతులు చేసుకునే నాన్న కాదు.

"వద్దులే నాన్నా" అన్నాను. "హాయిగా పంట తీసుకో."

ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలీదు. భుజాలు కిందికి దిగాయి, పెద్దగా ఊపిరి వదిలాడు. "అదీ మాట!" అని, లోపలికి వెళ్ళి నాకూ తనకూ చెరో గ్లాసు మజ్జిగ తెచ్చాడు.

డ్వైట్ ఈ సంగతి తెలుసుకుని, పొగాకు తలలు తుంచే రోజున పొలంలో నన్ను పట్టుకున్నాడు. పొగాకు పూతకొస్తే పై పూలు తుంచేస్తాం, లేకపోతే ఆకు బలవదు. ఇద్దరి చేతులకూ జిగురు నల్లగా పట్టి ఉంది.

"ఎందుకొద్దన్నావు?"

"ఆయనకిష్టం లేదు అన్నయ్యా."

"ఆయనకు పళ్ళ డాక్టరు దగ్గరికి పోవడం కూడా ఇష్టం లేదు. నేను లాక్కెళ్ళలేదూ?"

"నూటికి అయిదుగురికేగా అది పనిచేసేది."

"ఆ అయిదుగురిలో నాన్న ఉండకూడదని ఎక్కడన్నా రాసిపెట్టుందా?"

రాసిపెట్టే ఉందని నా నమ్మకం. కళ్ళారా చదివాననే అనుకున్నాను. ఆ మాట అనలేక, "నీకేం తెలుసని మాట్లాడతావు?" అన్నాను.

"నీకేం తెలుసు మరి? నువ్వేమన్నా డాక్టరువా? మైనం ముద్దలు కోసుకునేదానివి!"

"నువ్వు బస్సు తోలుకునేవాడివి!"

నాన్న గట్టు మీద నుంచి, "మీ ఇద్దరూ అక్కడ ఆకు తుంచుతున్నారా, జుట్లు తుంచుకుంటున్నారా?" అని అరిచాడు. డ్వైట్ వరస మారి అవతలికి వెళ్ళిపోయాడు. జులై ఇరవై వచ్చింది, పోయింది. ఆగస్టు కోతల దాకా వాడు నాతో పొడిమాటలు తప్ప మాట్లాడలేదు.

వేసవి మాత్రం నేను కోరుకున్నట్టే నడిచింది. నాన్నకు రంగు తేలింది. వాగులో గాలం వేసి రెండు జానల పొడవు చేపను పట్టి, అది ఇంకా పెద్దదని ఊరంతా చెప్పాడు. టమాటాలు కోసి ఉప్పు చల్లుకుని గట్టు మీదే తిన్నాం. అమ్మ గురించి నాకు తెలియనివి ఎన్నో చెప్పాడు. చర్చిలో ఎవరైనా మందు ఎక్కించుకోవా అని అడిగితే, "మా అమ్మాయి ఊపిరితిత్తులే చూస్తుంది రోజంతా. తను వద్దంది, అంతే" అనేవాడు. జనం నా వైపు గౌరవంగా చూసేవాళ్ళు. నేను తల వంచుకునేదాన్ని. సిగ్గుపడుతున్నాననుకునేవాళ్ళు. నిజం చెప్పాలంటే, లోపల కాస్త గర్వంగానే ఉండేది.

సెప్టెంబరు రెండో వారం. కోత అయిపోయింది, మొక్కల్ని కర్రలకు గుచ్చి ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో వేలాడదీస్తున్నారు. నేను ల్యాబులో ఉన్నాను. ఆ వేసవి పనులన్నీ తీరాక డాక్టర్ ప్రువిట్ చుక్కలకు మార్కులు వేయడం మొదలుపెట్టింది. సున్నా నుంచి మూడు దాకా వేస్తుంది.

"ట్వైలా, ఒకసారి ఇటు రా" అంది. "ఇందులో ఏదో తేడాగా ఉంది చూడు."

చూశాను. కాలేయం కుడి మూలన ఉంది.

"పొర తిరగబడి ఎక్కింది" అందామె. "ఎవరికైనా జరిగేదే."

"మళ్ళీ కోస్తాను డాక్టర్."

"అక్కర్లేదు. మ్యాపును అద్దంలో చూసినట్టు తిప్పి చదువుకుంటే సరిపోతుంది. నష్టమేం లేదు."

ఆమె కాఫీ తెచ్చుకోవడానికి లేచింది. నేను ఆమె కుర్చీ అంచున కూర్చుని ఏడో వరసకు దిగాను. ఈసారి కుడి నుంచి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. లేతనీలం. ఒక్క గోధుమ మచ్చ అయినా లేదు. నేను జూన్‌లో చూసినది మా నాన్న కాదు. అదే వరసలో తొమ్మిదో మనిషి.

నష్టమేం లేదు, నష్టమేం లేదు అని ఇంటికొచ్చే దారంతా ఆమె గొంతు చెవిలో మోగుతూనే ఉంది. ఆ మాట ఆమె పరిశోధన వరకు నిజమే.

సాయంత్రం ఎండ ఇంకా ఉంది. బ్యారన్‌లో పైన మూడు అంతస్తుల దూలాలకూ పచ్చాకు వేలాడుతోంది. డ్వైట్ మిగిలిన మొక్కలు తేవడానికి ట్రాక్టర్ మీద పొలంలోకి వెళ్ళాడు. నాన్న ఒక్కడే కింద వరసలో కర్రలు సర్దుతున్నాడు. రెండు కర్రలు సర్ది, చెయ్యి స్తంభానికి ఆనించి ఊపిరి తీసుకుని, మళ్ళీ రెండు సర్దుతున్నాడు.

"నాన్నా, కాసేపు ఆగు. నీతో ఒక మాట చెప్పాలి."

"నేనాగితే ఆకు ఆగుతుందా? చెప్పు, వింటున్నా."

నిలబడే చెప్పాను. డాక్టర్ ప్రువిట్ అడిగినప్పుడు నోరు మెదపకపోవడం, అందరూ భోజనానికి వెళ్ళాక చూడడం, గోధుమరంగు చూసి ఏడవడం, ఆదివారం బీన్స్ తుంచుతూ వద్దనడం, ఇవాళ కాలేయం కుడి మూలన కనపడడం. ఏదీ దాచలేదు. మధ్యలో ఆయన కర్రలు సర్దడం ఆపేశాడు.

"అంటే నాది ఆ రంగు కాదా?"

"కాదు నాన్నా. నీది నీలం."

"నీలం మంచిదేగా?"

"మంచిదే. అలాంటివాళ్ళే ఎక్కువమంది బతుకుతారని డాక్టరు అనుకుంటోంది. నిన్ను ఎలాగూ పోయేవాళ్ళలో కలిపేసి వద్దన్నాను. నాకు తెలిసుంటే ఎక్కించుకోమనే చెప్పేదాన్ని. ఆ అయిదుగురిలో నువ్వూ ఉంటావనుకునేదాన్ని."

"ఇప్పుడెక్కించుకోవచ్చా?"

"గడువు దాటి ఎనిమిది వారాలైంది."

ఆయన చేతిలో కర్రను గోడకు ఆనించి, బోర్లించిన బక్కెట్ మీద కూర్చున్నాడు. తిడతాడని ఎదురుచూశాను. నిజానికి తిట్టాలని కోరుకున్నాను. ఆయన టోపీ తీసి, లోపలి చెమట పట్టీ బొటనవేలితో తుడిచాడు.

"మరి ఆ గోధుమరంగు ఎవరిది?" అన్నాడు.

ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు. ల్యాబు నుంచి ఇంటిదాకా నలభై నిమిషాలు నడుపుకుంటూ వచ్చాను, ఒక్కసారి కూడా తట్టలేదు. "ఏమో నాన్నా. నంబరు ఉంది. పేరు చూడలేదు."

"చూడకు. ఆయనకు తెలుసా?"

"తెలీదు. ఎవరికీ చెప్పరు."

"నువ్వు నాకోసం అనుకుని ఏడ్చావే, అదంతా ఆయనకన్నమాట." టోపీ పెట్టుకున్నాడు. "పోనీలే. ఎవరో ఒకరు ఏడవాలిగా పాపం."

"నాన్నా, నన్ను ఏదైనా అను."

"ఏమనమంటావు? అడిగింది నేను. నువ్వు వద్దంటావని నీ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. వద్దనాలనే నిన్నడిగాను. డ్వైట్‌ని అడగలేదు చూడు." లేవడానికి చెయ్యి చాచాడు, లేపాను. నా చెయ్యి వదల్లేదు. "వాడికి మాత్రం ఈ సంగతి చెప్పకు. వాడు జన్మలో నీ గడప తొక్కడు. నేను పోయాక మీకు మీరేగా మిగిలేది."

"ఎలా చెప్పకుండా ఉండను?"

"ఇన్నాళ్ళు ఎలా ఉన్నావో అలాగే" అన్నాడు. తిట్టింది ఆ ఒక్క మాటే. అదీ మెల్లగా అన్నాడు. "ఆ కర్ర ఇలా అందించు."

అందించాను. బయట ట్రాక్టర్ చప్పుడు దగ్గరైంది.

ఆ సాయంత్రం డ్వైట్ మాతోనే భోంచేశాడు. బీన్స్, మొక్కజొన్న రొట్టె, కోసిన టమాటాలు. పంట బ్యారన్‌కి చేరిందన్న సంబరంలో వాడు నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు. నాన్న తల వంచి తిండికీ ఎండకీ కృతజ్ఞత చెప్పాడు, మంచం పట్టినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివాడు. ఎప్పుడూ ఆగే చోట ఆగలేదు.

"ఆ రెండో ఆయన్ని కూడా చల్లగా చూడు. ఆమెన్."

"ఏ రెండో ఆయన?" అన్నాడు డ్వైట్, రొట్టె అందుకుంటూ.

"ఉన్నాడులే ఒకాయన. ట్వైలాకి తెలుసు."

ఆ రోజు నుంచి ఒక్క పూట కూడా ఆ మాట తప్పలేదు. నన్ను పొడవడానికి అనేవాడని కొన్నాళ్ళు అనుకున్నాను. కాదు. ఆయన నిజంగానే ఆ మనిషి గురించి బెంగపెట్టుకున్నాడు. వాన పడని రోజుల్లో, "ఆయనకు పొలం ఉందో లేదో" అనేవాడు. చలికాలంలో దగ్గు వస్తే, "ఆయనకెలా ఉందో" అనేవాడు. నేను ప్రతిసారీ ఆమెన్ అనేదాన్ని.

నాన్న ఇంకో రెండు పంటలు తీశాడు. మూడో ఏడు ఫిబ్రవరిలో రెండో ఊపిరితిత్తిలో కనపడింది, ఏప్రిల్‌లో పోయాడు. డాక్టర్ ప్రువిట్ పరిశోధన ఆ మరుసటేడు అచ్చయింది. ఆమె అనుమానం నిజమే. గోధుమరంగు వాళ్ళు తొందరగా పోయారు, నీలం వాళ్ళు ఎక్కువకాలం బతికారు. అందులో ఒక బొమ్మ ఉంది, నీలం వాళ్ళ గీత మెల్లగా మెట్లు దిగుతూ పోతుంది. ఆ మెట్లలో ఒకటి మా నాన్న. మందు ఎక్కించుకుని ఉంటే ఆ మెట్టు ఇంకా అవతలికి జరిగేదా అని ఆ కాగితాలన్నీ తిరగేశాను. ఒక మనిషి సంగతి అది చెప్పదని ఆమె మొదటిరోజే చెప్పింది. నేను చేసినది ఆమెకు ఈరోజు దాకా చెప్పలేదు. ఏ స్లైడు వచ్చినా ముందు కాలేయం ఎక్కడుందో చూస్తాను, చూసి కూడా నమ్మక మళ్ళీ చూస్తాను.

నాన్నను పూడ్చిపెట్టిన రోజున డ్వైట్ ఇంట్లో అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. పెద్ద కుర్చీలో వాడే కూర్చోవాల్సొచ్చింది. తల వంచి, నాన్న మాటల్నే నాన్న వరసలోనే చెప్పుకుంటూ వెళ్ళాడు. తిండి, వాన, మంచం పట్టినవాళ్ళు. ఆఖరికొచ్చేసరికి బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆ రెండో ఆయన్ని కూడా చల్లగా చూడు. ఆమెన్."

అందరూ గిన్నెలు అందుకుంటున్నారు. డ్వైట్ నా వైపు వంగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మూడేళ్ళు రోజూ అన్నాడు. ఎవరే ఆయన? నీకు తెలుసన్నాడుగా?"

"తెలుసు."

"బతికే ఉన్నాడా?"

"తెలీదన్నయ్యా."

"నువ్వు ఆరోజు వద్దనడమే మంచిదైంది ట్వైలా" అన్నాడు, నా చేతి మీద చెయ్యి వేసి. "ఆ వేసవి ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో నేనూ చూశాగా. నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను. మనసులో పెట్టుకోకు."

వాడికి చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నాన్న చెప్పొద్దన్నాడు కదా అనుకున్నాను. ఆ సాకు చేతికి దొరికినందుకు ఎంత తేలికపడ్డానో నాకే తెలుసు. వాడి చెయ్యి నొక్కి, బీన్స్ గిన్నె ఇటు జరపమన్నాను.